నలభైతొమ్మిది అంగుళాల బల్ల

క్యాంప్ వన్‌లో రజనీకుమారి ఇల్లెక్కడని అడిగితే ఎవరూ చెప్పలేరు. పాలిష్ దీదీ అని అడిగితే కూరగాయల బండివాడు కూడా చెయ్యి చూపిస్తాడు. చూపించకపోయినా నష్టం లేదు. స్పిరిట్ వాసన ఎటునుంచి వస్తే అటు నడిస్తే మూడో సందు చివర రేకుల వసారా కనబడుతుంది. అందులో ఎప్పుడూ ఏదో ఒక కుర్చీ నాలుగు కాళ్ళూ పైకెత్తుకుని పడి ఉంటుంది. దాని పక్కన నలభైయేడేళ్ళ మనిషి, చీర కుచ్చెళ్ళు నడుములో దోపుకుని, గుడ్డ ఉండతో లక్క పాలిష్ రుద్దుతూ ఉంటుంది.

ఆడది రంపం పట్టడమేమిటని మొదట్లో ఈ సందంతా నవ్వింది. నవ్విన నాపచేనే పండుతుందని పెద్దలు ఊరికే అనలేదు. ఆ నవ్వినవాళ్ళే ఇప్పుడు తాతల కాలంనాటి పడకకుర్చీలు మోసుకొచ్చి వసారా ముందు నిలబడుతున్నారు. వాళ్ళ కుర్చీలకి రజనీకుమారి ఒక వారం ఎక్కువ తీసుకుంటుంది. అంతకుమించి పగ ఆవిడకి చేతకాదు. దుర్గ్‌లో కాపురానికి వెళ్ళి, రెండేళ్ళకే పెట్టె పట్టుకుని తిరిగొచ్చినప్పుడు కూడా మొగుణ్ణి పల్లెత్తు మాట అనలేదు. తండ్రి పక్కన పీట వేసుకుని, గరుకు కాగితం తీసుకుని పనిలో పడిపోయింది.

తండ్రి పేరు అప్పలసూరి. టెక్కలి దగ్గర పల్లెనుంచి వచ్చి ఇక్కడి ఉక్కు ప్లాంటులో ప్యాట్రన్ షాపులో వడ్రంగిగా చేరాడు. లోహంతో ఏ భాగం పోతపొయ్యాలన్నా ముందు దాని నమూనా కర్రతో చెయ్యాలి. ఆ నమూనా చుట్టూ ఇసక అచ్చు కట్టి, అందులో కరిగిన లోహం పోస్తారు. చల్లారాక లోహం కుంచించుకుపోతుంది కాబట్టి నమూనా కాస్త పెద్దదిగా ఉండాలి. అందుకని ఆ షాపువాళ్ళకి ప్రత్యేకంగా ఒక స్కేలు ఉంటుంది. దానిమీది అంగుళం లోకంలో అంగుళంకన్నా పిసరంత పెద్దది. అప్పలసూరి ముప్పైరెండేళ్ళు ఆ స్కేలుతోనే బతికాడు. చెయ్యి అలవాటుపడి ఇంట్లో కూడా దాంతోనే కొలిచేవాడు. వాళ్ళింట్లో పీటలు పెద్దవి, స్టూళ్ళు పెద్దవి, మంచమైతే గుమ్మంలో పట్టక తలుపు ఊడదీసి లోపలికి తెచ్చుకున్నారు. "నీ అంగులం తగలడా! బజార్లో ఒక్క దుప్పటీ సాల్దు కదా దీనికి!" అని పెళ్ళాం పోరుపెట్టేది.

ఆ సామానేదీ ఇప్పుడు లేదు. మంచాన్ని చెదలు తిన్నాయి. అలమర వానకి ఉబ్బి పగిలింది. ఆయన పోయి పదహారేళ్ళు దాటింది. తండ్రి చేతిపని చూసుకోవాలంటే రజనీకుమారికి తన చేతులే గతి.

మొన్న భాద్రపదంలో, తీజ పండక్కి పుట్టిళ్ళకి వెళ్ళిన ఆడవాళ్ళు సంచులతో తిరిగొస్తున్న రోజుల్లో, నెహ్రూ నగర్ నుంచి టెంపోలో ఒక బల్ల వచ్చింది. దాని వెనకే ఆటోలో కుముదిని దిగింది. ప్లాంటులో ఇంజనీరుగా చేసి రిటైరై, నిరుడు పోయిన పరబ్రహ్మంగారి భార్య. అరవైయేడేళ్ళుంటాయి. ఇస్త్రీ చెదరని చీర, నెమ్మదైన మాట.

బల్లకి మందంగా ఆకుపచ్చ ఎనామిల్ రంగు వేసి ఉంది. ఒక మూల రంగు పెచ్చులూడి కింద బూడిద రంగు కనబడుతోంది.

"ఇన్నాళ్ళూ మా సామాన్ల గదిలో పడుంది. పైనుంచి చూస్తే మామూలు బల్లలా ఉండాలి, రజనీ. ఒక్క మచ్చ, ఒక్క గీత కనబడకూడదు. మా అబ్బాయి నరేంద్ర కూతురు దానిమీద అన్నం తింటుంది," అంది కుముదిని.

"పాత రంగు కిందేటుంటాదో తీస్తేగాని తెలీదమ్మగారూ. మచ్చలుంటే సూద్దాం."

"సూద్దాం కాదు. మచ్చ మిగిలితే నాకు చెప్పకు, చూపించకు. ఇక్కణ్ణించి ఇటే కట్టెల అడితికి పంపించేస్తాను. పది రోజుల్లో వస్తాను."

అంతసేపూ ఆవిడ చేతిసంచీని రెండు చేతులా పొట్టకి అదుముకుని నిలబడింది. బల్లని దించేటప్పుడు అది ఆవిడ వైపు ఒరిగితే పట్టుకోడానికి చెయ్యి చాపలేదు సరికదా, రెండడుగులు వెనక్కి వేసింది. రజనీకుమారి అది చూసింది. బరువు సామాను మీద పడితే దెబ్బ తగులుతుందనుకున్న మనిషి అలా జరగదు, కుక్క కరుస్తుందనుకున్న మనిషి అలా జరుగుతుంది.

ఆటో సందు మలుపు తిరిగాక టేపు తీసి బల్ల కొలిచింది. నాలుగడుగులుండాల్సిన పొడుగు నలభైతొమ్మిది అంగుళాలుంది. వెడల్పు రెండడుగుల మీద అర అంగుళం. టేపు తప్పేమోనని ఇంకోటి తెచ్చి కొలిచింది. మళ్ళీ అంతే. లోకంలో ఏ వడ్రంగీ నలభైతొమ్మిది అంగుళాల బల్ల చెయ్యడు, ఒక్కడు తప్ప.

రజనీకుమారి అక్కడే అరుగుమీద కూలబడింది. ముందు కళ్ళనీళ్ళొచ్చాయి. అయ్య చేసిన బల్ల! లోకంలో మిగిలిన ఒక్కగానొక్కటి వెతుక్కుంటూ తన వసారాలోకే వచ్చింది. అది బతికి బట్టకట్టడమో, కట్టెల మోపు కావడమో తన చేతిలోనే ఉంది. కాసేపటికి ఆ సంతోషంలోంచే ఒక అనుమానం తల ఎత్తింది. అప్పలసూరి బయట ఎవరికి ఏం చేసినా కూతుర్ని సైకిలు బారుమీద కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళేవాడు. స్కేలు మొయ్యడం ఆమె పని. ఊళ్ళో ఆయన చేసిన ప్రతి తలుపూ, ప్రతి ఊయలా ఆమెకి తెలుసు, అవేవీ ఇప్పుడు మిగల్లేదనీ తెలుసు. ఈ బల్ల గురించి మాత్రం ఒక్కనాడూ నోరు మెదపలేదు. కడుపులో మాట దాచుకోలేని మనిషి ఇది ఎందుకు దాచాడు?

మర్నాడు కాస్టిక్ సోడా నీళ్ళు పట్టించి రంగు గీకడం మొదలుపెట్టింది. ఆకుపచ్చ కింద బూడిద రంగు, దానికింద వేలి మందాన లప్పం. ఒక పొర వేసి ఊరుకోక ఇన్ని పొరలు కప్పాలంటే చాలా పట్టుదల ఉండాలి. మధ్యాహ్నానికి కర్ర బయటపడింది. ఎర్రటి బీజా. మన వైపు ఏగిస అంటారే, అదే. ఆ కర్ర మధ్యలో, పొడుగు అంచు దగ్గర, అర్ధచంద్రాకారంలో ఒక అతుకు ఉంది. అది బీజా కాదు, పెట్టెలకి వాడే తెల్లటి దేవదారు. ఎవరో బల్ల అంచుని లోపలికి వంపుగా కోసి, తరవాత ఎప్పుడో ఆ ఖాళీని చవకబారు కర్రతో పూడ్చారు. కోత అద్దంలా ఉంది, అది అయ్య చెయ్యి. అతుకు మాత్రం మేకులు అడ్డదిడ్డంగా కొట్టి, చెయ్యి తిరగనివాడెవడో ఏడుస్తూ చేసినట్టుంది.

పక్కింటి గున్నమ్మ అప్పుడే పళ్ళెంలో బియ్యం ఏరుకుంటూ వచ్చి కూర్చుంది. మొగుడు ప్లాంటులో చేసి పోయాడు. డెబ్బై దాటిన మనిషి, కళ్ళు మందగించాయిగాని నోటికి ఏ లోటూ లేదు.

"ఏటే ఇది, కంత కోసినారు?"

"అదే తెలీక సూస్తన్నాను పిన్నీ."

గున్నమ్మ పళ్ళెం పక్కన పెట్టి, ఆ వంపు దగ్గరకి జరిగి, తన పొట్టని ఆ అతుకుకి ఆనించి వెడల్పు పోల్చి చూసింది. అందులో తను పట్టదు. "మనిసి కూకోడానికి కోసినారే. సిన్న మనిసి. కూకుంటే ఇటూ అటూ కదల్డానికుండదు." తరవాత బల్ల కిందికి చెయ్యి పోనిచ్చి తడిమింది. "ఓలమ్మా! ఇక్కడ మరసీలల బెజ్జాలున్నాయి. ఇటు రెండు, అటు రెండు. బెల్టు బిగించినట్టున్నారు."

"ఎవలికి?"

"నన్నడుగుతావేటి? కట్టీసి కూకోబెట్టినోల్లని అడుగు," అని గున్నమ్మ పళ్ళెం తీసుకుని వెళ్ళిపోయింది. ఏరాల్సిన బియ్యం ఇంకా సగం ఉన్నాయి.

రజనీకుమారి ఆ సాయంత్రం కాస్టిక్ జిగురు పోవడానికి బల్లని నాలుగు బకెట్ల నీళ్ళతో కడిగి, వసారాలో ఆరబెట్టి, వానజల్లు పడకుండా పాత దుప్పటి కప్పింది.

పొద్దున్న దుప్పటి తీసింది. బల్ల నల్లగా ఉంది. ఎర్రటి బీజా రాత్రికి రాత్రి కాటుక పూసినట్టు నల్లబడింది. అతుకు మాత్రం తెల్లగా అర్ధచంద్రంలా మిగిలింది. ఆ చంద్రానికి అటొకటి, ఇటొకటి, మోచేతినుంచి వేళ్ళ చివరి దాకా, రెండు చేతులు.

చేతులంటే గీసిన బొమ్మ కాదు. బల్లముందు ఒక మనిషి కూర్చుని, మోచేతులు ఆనించి, అరచేతులు బోర్లా పెట్టుకుంటే ఎలా ఉంటుందో అలా, ఆ మేరకి నలుపు అంటకుండా కర్ర రంగులో ఉన్నాయి. చిన్న చేతులు. రజనీకుమారి జాన పక్కన పెట్టి చూస్తే ఆ అరచెయ్యి అందులో సగం దాటి కొంచెం. దుప్పటి మళ్ళీ కప్పేసి, లోపలికి వెళ్ళి టీ పెట్టుకుంది. పంచదార వెయ్యడం మర్చిపోయి అలాగే తాగింది.

పని చేసుకు బతికే మనిషికి భయం ఉంటే పొట్ట గడవదు. తేరుకుని గరుకు కాగితం తీసుకుని బల్లంతా అరగదీసింది. నలుపు పోయింది, దాంతోపాటు చేతులూ పోయాయి. పొడి అంతా మళ్ళీ నీళ్ళతో కడిగి, దుప్పటి కప్పింది. మర్నాడు పొద్దున్న దుప్పటి తీస్తే బల్ల నలుపు, చేతులు కర్ర రంగు. ఈసారి వేళ్ళు విడివిడిగా తెలుస్తున్నాయి. నిన్న అరగదీసినందుకు చేతులు ఇంకా పైకొచ్చాయి.

మూడోనాడూ అంతే.

గున్నమ్మ గుమ్మంలోంచే చూసి, ఎండుమిరపకాయలూ రాళ్ళుప్పూ తెచ్చి బల్లకి దిష్టి తీసింది. "రాత్రంతా ఎవలో ఈ బల్ల కాడ కూకుంటన్నారే. నువ్వు సెరిపీకొద్దీ మల్లా వొచ్చి కూకుంటన్నారు. ఎందుకొచ్చిన గొడవ, ఇచ్చీ వాల్లది వాల్లకి."

"ఇచ్చీస్తే కట్టెల్లో కొట్టించీస్తాది పిన్నీ. ఇది మా అయ్య సేసిన బల్ల."

"మీ అయ్య సేసినాడా?" గున్నమ్మ పిడికిట్లో ఉప్పు అలాగే ఉండిపోయింది. "అప్పలసూరి బాబా? పిల్లల్ని కట్టీసే బల్ల?"

ఆ మాట రజనీకుమారికి బాకులా దిగింది. నాలుగు రోజులుగా తన నోటిదాకా వచ్చి ఆగిపోతున్న మాట అదే. అయ్య చీమకి కూడా దారిచ్చే మనిషి. అలాంటివాడు ఒక పసిపిల్ల పొట్టకి కొలత తీసుకుని, కదలకుండా కోసి, బెల్టుకి బెజ్జాలు పెట్టి ఇచ్చాడా? ఇచ్చి, సిగ్గుతో ఇంట్లో చెప్పకుండా దాచాడా?

ఆ మధ్యాహ్నం ఎండలో బల్ల అంచు వెంట వేలు పోనిస్తూంటే వంపు కొస దగ్గర ఏదో గరుగ్గా తగిలింది. వంగి చూసింది. పంటి గాట్లు. చిన్న పళ్ళు, దగ్గరదగ్గరగా, ఒకదానిమీద ఒకటి. చాలా రోజులు, చాలా సార్లు ఒకేచోట కొరికినవి. ఆ పంటి గాట్లు ఉన్న ఎత్తుకి తన నోరు తెచ్చి చూసుకోవాలనిపించింది రజనీకుమారికి. పీట లాక్కుని, ఆ వంపు ముందు కూర్చుని, చేతులు ఆ చేతులమీద పెట్టింది. తనవి పెద్దవైపోయాయి, వాటిని పూర్తిగా కప్పేశాయి. కప్పేసిన మరుక్షణం ఊపిరాడనట్టయింది. తనకి కాదు, కింద ఉన్న వాటికి. చటుక్కున చేతులు లాక్కుంది.

ఆ రోజునుంచి పక్క కుర్చీకి పాలిష్ పడుతున్నా కళ్ళు బల్లవైపే పోయేవి. వంపు ఉన్న వైపు నుంచి నడవాల్సివస్తే చుట్టూ తిరిగి వెళ్ళేది. ఆ చేతులు చూడలేక ఒక పొద్దున్న బల్లని తిప్పి, వంపు గోడవైపుకి పెట్టింది. పెట్టి వంటింట్లోకి వెళ్ళిందేగాని, తప్పు చేసిన పిల్లని గోడకేసి కూర్చోబెట్టినట్టనిపించి కూర తరగబుద్ధి కాలేదు. కత్తిపీట వదిలేసి వచ్చి, బల్లని మళ్ళీ సందువైపు తిప్పింది.

"ఇప్పుడు కనబడతందా?" అంది పైకే. అని, తన గొంతు తనే విని భయపడి గున్నమ్మ ఇంటికి వెళ్ళి కూర్చుంది.

నలుపు గుట్టు ఆరోనాడు తెలిసింది. తెలిశాక రజనీకుమారికి నవ్వొచ్చింది, తరవాత తన బుర్రమీద తనకే కోపమొచ్చింది. వసారా కడుగుతూంటే బల్ల అరగదీసిన పొట్టు కొంత బకెట్లో పడింది. నీళ్ళు చూస్తూండగానే సిరాలా మారాయి. ఇంకో చెంబులో తాగే నీళ్ళు పోసి అదే పొట్టు వేస్తే తేనెరంగుకి మాత్రమే తిరిగాయి. క్యాంపులో ప్రతి ఇంట్లోలాగే ఆమె ఇంట్లోనూ వాడుకనీళ్ళకి ప్లాంటు వేలంలో కొన్న ఇనపడ్రమ్ము ఉంది. లోపల తుప్పు పట్టి పొరలు లేచి ఉంటుంది. బీజా కర్రలో వగరు ఎక్కువ. వగరుకి ఇనుము తగిలితే నలుపు. ఇనుము ఎరగని పలుగు రాళ్ళ ఊళ్ళో పుట్టినవాడికి కూడా ఆ సంగతి తెలుస్తుంది. ఇనుములో పుట్టి, ఇనుము తిని, ఇనుము పీల్చే ఈ ఊరివాళ్ళకే ఇనుము కంటికి ఆనదు. టేకునీ మద్దినీ స్పిరిట్‌తో తుడిచే మనిషి, ఈ బల్లని మాత్రం ఆ డ్రమ్ము నీళ్ళతో రోజూ కడిగి, రోజూ తనే నల్లబరిచింది.

తుప్పు మరకలు తీసే తెల్లపొడి ఇంట్లోనే ఉంది. వేడినీళ్ళలో కలిపి ఒక గంట పట్టిస్తే నలుపంతా పోయి బీజా పెళ్ళికూతురిలా మెరుస్తుంది. నలుపు లేకపోతే చేతులూ ఉండవు. అతుకుకి రంగు కలిపి, పైన లక్క పాలిష్ నాలుగు చేతులు తిప్పితే, నెహ్రూ నగర్ ఆవిడకి మచ్చలేని బల్ల. అయ్య బల్ల కట్టెల అడితికి పోదు. అడిగేవాళ్ళు లేరు.

పొడి కలిపింది. గుడ్డ ముంచింది. కుడివైపు చేతిమీద గుడ్డ పెట్టబోయి, ఆగిపోయింది.

నలుపు ఎందుకొచ్చిందో తెలిసింది, బాగానే ఉంది. మరి ఆ చేతులున్నంత మేరా నలుపు ఎందుకు అంటలేదు? మూడుసార్లు అరగదీసినా, కాస్టిక్‌లో నానబెట్టినా, కర్ర లోపలికంటా ఏం ఇంకి ఉంటే నీళ్ళని అలా తోసేస్తుంది? అది చెమటా, కన్నీళ్ళా, మరేమన్నానా? ఎన్నేళ్ళు అలా కదలకుండా కూర్చుంటే అంత ఇంకుతుంది? అడక్కుండా ఒక పిల్ల చేతులు చెరపడానికి ఆమెకి చెయ్యి రాలేదు. చెరిపితే బల్ల దక్కుతుంది, అయ్య ఏం చేశాడన్నది ఈ జన్మకి తెలియదు. చెరపకపోతే బల్ల దక్కకపోవచ్చు. అప్పలసూరి కూతురు గుడ్డ పిండి తీగమీద ఆరేసి, బల్లని అలాగే వదిలేసింది. వదిలేశాక మూడు రోజులు తిట్టుకుంటూనే ఉంది.

పదోనాడు పది గంటలకి కుముదిని వచ్చింది. బల్లమీద దుప్పటి ఉంది. గున్నమ్మ తన అరుగుమీద కూర్చుని, కనబడకపోయినా కళ్ళు చికిలించి ఇటే చూస్తోంది.

"అయిందా?" అంది కుముదిని.

"కాలేదమ్మగారూ. ఒక గంట పని ఉండిపోనాది. అది సెయ్యాలో వొద్దో మీరు సెప్పాల. ముందు ఇది సూడండి."

"చూపించొద్దన్నాను కదా."

"అన్నారు. కానీ ఇది మా అయ్య సేసిన బల్ల. కొలత బట్టి తెలిసిపోనాది. ఆయన ఎవలికోసం సేసినాడో, ఎందుకు ఇలాగ కోసినాడో తెలీకుండా నాను దీన్ని ముయ్యలేను. పిల్లని కట్టీడానికే సేసుంటే, అడితికి మీరంపక్కర్లేదు, నానే అంపీస్తాను."

అని దుప్పటి లాగేసింది.

కుముదిని అరవలేదు. మనిషి కదల్లేదు. నల్లటి బల్లమీద రెండు చేతులు చూస్తూ, చాలాసేపు రెప్ప వెయ్యకుండా నిలబడింది. 

"అప్పలసూరిగారి అమ్మాయివా," అంది చివరికి. "స్కేలు మోసే పిల్లవి నువ్వే కదూ? మీ నాన్న చెప్పేవాడు. మా వారు నిన్ను తీసుకురావద్దన్నారు. పిల్లలెవరూ చూడకూడదని. చూస్తే ఊరంతా తెలుస్తుందని. ఎవరికీ చెప్పనని మీ నాన్న దగ్గర మాట కూడా తీసుకున్నారు."

ఆవిడ పీట వెతుక్కుని కూర్చుంది. ఆ తరవాత మాటలు ఆగి ఆగి వచ్చాయి. మొదటి కాన్పు ఆడపిల్ల. వాసవి. మెడ నిలవలేదు, నడుము నిలవలేదు, మాట రాలేదు. కూర్చోబెడితే పక్కకి జారిపోయేది, పడుకోబెడితే ఊపిరాడక నీలంగా మారేది. ఐదేళ్ళు వచ్చేదాకా ఆవిడ భుజంమీదే పెరిగింది. ప్లాంటువాళ్ళిచ్చిన సెక్టారు క్వార్టర్లో వెనక గది దాటి బయటికి తేలేదు. అప్పలసూరి ఏదో తలుపు బాగుచెయ్యడానికి వచ్చి, ఆ గదిలోకి పొరపాటున తొంగిచూశాడు.

"మర్నాడు అడక్కుండానే వచ్చాడు. పిల్లని నా ఒళ్ళో కూర్చోబెట్టుకోమని, పొట్టచుట్టూ కొలత తీసుకున్నాడు. అదేం స్కేలయ్యా, అంకెలు తేడాగా ఉన్నాయంటే, 'పిల్ల పెరుగుతాదమ్మా, కాసింత పెద్దదే మంచిది' అన్నాడు. వంపులో దిండు పెట్టి, బెల్టు వదులుగా చుట్టి, కిటికీ దగ్గర కూర్చోబెట్టేదాన్ని. మొట్టమొదటిసారి దాని తల నిలబడింది, రజనీ. కిటికీలోంచి పిచ్చికల్ని చూసింది. సంతోషమొస్తే బల్ల కొరికేది. ఆరేళ్ళు అక్కడే కూర్చుంది. అదే దాని బడి, అదే దాని గుడి."

రజనీకుమారి స్తంభానికి ఆనుకుని నిలబడిపోయింది. గుండెలమీంచి పది రోజుల బండ దిగిపోతూంటే, దాని స్థానంలో ఇంకొకటి వచ్చి కూర్చుంటోంది.

"పదకొండో ఏట పోయింది. పదకొండోరోజు మా వారు ఆ వంపు పూడ్చేశారు. ఆయనకి మేకు కొట్టడం రాదు. పైన రంగు వేశారు, ఆ తరవాతా వేశారు. నరేంద్ర పుట్టాక ఇక ఆ పేరు ఎత్తొద్దన్నారు. వాడికి తెలియదు. మనకి మొదటి కాన్పు లేదు, అంతే అన్నారు. ముప్పైమూడేళ్ళు ఆ మాటమీదే ఉన్నాం. ఆయన పోయేముందు కూడా ఈ బల్ల సంగతే అన్నారు. మామూలు బల్ల చేయించు, లేకపోతే తీసెయ్యి అని."

"ఈ సేతులు..." రజనీకుమారి బల్లవైపు చూపించింది. "నలుపు నా తప్పు. ఇనపడ్రమ్ము నీల్లు. కానీ సేతులకాడ అంటట్లేదు. ఏటి ఇంకిందో తెలీట్లేదు."

కుముదిని అప్పుడు నవ్వింది. నవ్వో, ఏడుపో, రెండూ ఒకే మూతిమీదికి వచ్చాయి.

"నువ్వులనూనె. చేతులు బిగుసుకుపోకుండా రోజూ రెండుపూటలా రాసేదాన్ని. అక్కడే కూర్చోబెట్టి, మోచేతినుంచి కిందకి, ఒక్కొక్క వేలూ లాగి. ఆరేళ్ళు రాశాను. అది దాని చేతుల్లోకి ఇంకిందో లేదో దేవుడికెరుక. కర్రలోకి మాత్రం ఇంకింది."

తరవాత రజనీకుమారి చెప్పాల్సింది చెప్పింది. తెల్లపొడి పట్టిస్తే ఒక గంటలో నలుపు పోతుంది, చేతులూ పోతాయి, ఇక ఎప్పటికీ రావు. అలా కాకుండా ఈ నలుపుమీదే లక్క పాలిష్ పట్టిస్తే, బల్ల ఉన్నన్నాళ్ళూ అవి అలాగే ఉంటాయి. కానీ అవి కనబడాలంటే బల్లంతా నల్లగానే ఉండాలి.

"ఎవలు సూసినా అడుగుతారమ్మగారూ. మీ అబ్బాయి అడుగుతాడు. మనవరాలు అడుగుతాది."

"అడుగుతారు," అంది కుముదిని. "నీ దగ్గర నువ్వులనూనె ఉందా?"

రజనీకుమారి వంటింట్లోంచి సీసా తెచ్చింది. కుముదిని అరచేతిలో పోసుకుని, రెండు చేతులూ కలిపి రుద్ది వెచ్చబరిచి, బల్లమీద ఎడమచేతి మోచేతి దగ్గర పెట్టింది. అక్కణ్ణించి నెమ్మదిగా కిందకి, మణికట్టు దగ్గర ఒక చుట్టు, తరవాత బొటనవేలు, చూపుడువేలు, ఒక్కొక్కటీ. ముప్పైమూడేళ్ళయినా చేతులకి దారి తెలుసు. కర్ర నూనె తాగుతోంది. గున్నమ్మ తన అరుగు దిగి, గోడ పట్టుకుని నెమ్మదిగా వచ్చి, ఎండుమిరపకాయలతో దిష్టి తీసిన ఆ బల్ల పక్కనే నిలబడింది. ఆవిడకి సగం మాటలు వినబడ్డాయి, సగం అర్థమయ్యాయి.

"ఎవలమ్మా?" అంది మెల్లగా.

"మా పెద్దమ్మాయండీ. వాసవి." కుముదిని చెయ్యి ఆగలేదు. ఆ మాట ఇంత తేలిగ్గా వస్తుందని ఆవిడే అనుకోనట్టు, మళ్ళీ ఒకసారి అంది. "మా పెద్దమ్మాయి."

గున్నమ్మ వంగి, మసకబారిన కళ్ళతో ఆ చిన్న చేతులకేసి చాలాసేపు చూసింది. ఏ పిల్లని చూసినా ఏ ముసలమ్మయినా అడిగే మాటే అడిగింది.

"ఎవలి పోలికమ్మా?"

ఆ ప్రశ్న కుముదినిని అంతవరకూ ఎవరూ అడగలేదు. నూనె చేతులు బల్లమీదే ఉంచి తలెత్తింది. కళ్ళనీళ్ళు తుడుచుకోడానికి చెయ్యి ఖాళీ లేదు.

"నా పోలికే," అంది.